బాడుగ గది

నిరుడు కోటను జూడ పెనుకొండకు బోయి, ఊరినడుమ నొక చిన్న లాడ్జిలో రాత్రి బసచేసితిని. 1565లో రక్కసి-తంగడి యోటమి పిదప, తిరుమలరాయలతో విజయనగరపు కొలువే వచ్చి తలదాచుకొన్న యూరది. గుమాస్తా నా పేరు, ఊరు, ఆధారు సంఖ్య వ్రాసికొని తాళపుచెవి చేతికిచ్చెను. కులమడుగలేదు. మా తాతగారి కాలమున ననేక సత్రములలో మొదటి ప్రశ్న యదియే. (నా యింటిపేరే యా ప్రశ్నకు జవాబు చెప్పియుండునేమో యను సందేహము నాకు లేకపోలేదు.)

అతిథిని దైవముగా నెంచుమని తైత్తిరీయోపనిషత్తు బోధించెను. అది చదివినవారే పుణ్యార్థము పెట్టిన యన్నమునకు పంక్తులు విడదీసిరి. రూకలకమ్మిన గది యెవరిని విడదీయలేదు. హోటళ్లలో కులమతములనుబట్టి యెవరిని నిరోధింపరాదని 1950లో అమలైన రాజ్యాంగపు 15వ అధికరణము శాసించినమాట నిజమే. ఐనను ఆ రాత్రి నాకు తలుపు తెరచినది శాసనముకంటె బాడుగయే యనుకొందును. ధర్మము చేయని పనిని వర్తకము చేసెనని సంతసించుచునే నిదురపోతిని.

మరునాటిరాత్రి ధర్మవరము జంక్షనులో నొక ముసలమ్మ మూట తలక్రింద బెట్టుకొని చలిలో పరుండియుండెను. లాడ్జికి బోరాదా యంటిని.

"దుడ్లు యాడుండాయి సామీ?" అని నవ్వెను.

ఆమెను గూడ కులమెవ్వరు నడుగలేదు. ఒక గది బాడుగకు చాలిన సొమ్ము నాయొద్ద నుండెను. ఇచ్చుటయా, మానుటయా యని తర్కించుచుండగనే బండి వచ్చినది. ఎక్కితిని.