మన అడవిలో పరాయి ఎవరు?

సికింద్రాబాద్‌లో ఎవరినీ ఏ ఊరి నుంచి వచ్చావని నిలదీయరు. 1806లో కంటోన్మెంటుతో పుట్టిన పట్టణం ఇది. ఇక్కడి పాతకాపులు కూడా ఒకప్పుడు వచ్చినవాళ్లే. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు మూటలతో స్టేషన్‌లో దిగితే వాళ్లను వలస కూలీలు అంటాం. బీజాపూర్, సుక్మా వైపు నుంచి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లోకి నడిచి వచ్చిన గొత్తికోయలను మాత్రం అక్రమ వలసదారులు అంటున్నారు. పట్నం వాళ్లు అంటే అన్నారు, మన గూడేల్లో మనమూ అంటున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

వాళ్లు ఇష్టపడి రాలేదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడ్డాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుబట్టేనాటికి ఎన్నో కుటుంబాలు రాష్ట్రం దాటేశాయి. మన దేశంలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోవడం నేరం కాదు, రాజ్యాంగం 19వ అధికరణ ఆ హక్కు ఇచ్చింది. రిజర్వు అడవి కొట్టడం మాత్రం నేరమే. అయితే ఒకటి చేసిన పనికి పెట్టే పేరు, రెండోది మనిషికి తగిలించే పేరు. 2022 నవంబరులో బెండాలపాడు దగ్గర ఒక ఫారెస్టు రేంజ్ అధికారిని చంపినప్పుడు ఈ తేడా చెరిగిపోయింది. చంపినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ గొత్తికోయలందరినీ వెళ్లగొట్టాలన్న మాట లేచింది. మనలో ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తాన్నీ అనేవాళ్లను మనం ఎన్ని తరాలుగా చూడలేదు?

నష్టం లేదని నేను అనను. పోడు పెరిగితే అడవి తగ్గుతుంది, తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే చోటు ఇరుకవుతుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే అటవీహక్కు పట్టా. ఆ పట్టాలకే ఏళ్లుగా తిరుగుతున్న మన కోయ రైతుకు కొత్త పోడు కనబడితే గుండె ఝల్లుమంటుంది. మిర్చి కోతల్లో కూలి రేటు కూడా పడిపోతుంది. అయితే ఆ తగ్గిన కూలి ఎవరి జేబులో మిగిలింది? ఆసామి జేబులో, ముఠాను తెచ్చిన మేస్త్రీ జేబులో. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు నడిచి వెళ్తూ పన్నెండేళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది. కూలి రేటు ఆ పిల్ల తగ్గించిందా?

ఇంకో లెక్క కూడా ఉంది. మైదానాల నుంచి వచ్చి ఏజెన్సీలో భూములు పట్టినవాళ్లను ఎవరూ అక్రమ వలసదారులు అనలేదు. వాళ్లను ఆపడానికి 1/70 చట్టం రావలసి వచ్చింది. వచ్చాక కూడా బినామీ పేర్ల మీద భూమి చేతులు మారుతూనే ఉంది. బండి మీద, డబ్బుతో వచ్చినవాడు ఆసామి అయ్యాడు. నెత్తిన మూటతో వచ్చినవాడు అక్రమం అయ్యాడు. అటువైపు వాళ్ల గోత్రాలు, వేల్పులు మనకు కొత్తవేమీ కావు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయినవాడికి సరిహద్దు దాటితే ఆ కాగితం చెల్లడం లేదు.

ఆ కాగితం తెచ్చివ్వడం మన చేతిలో లేదు. బడి మన చేతిలో ఉంది. వయసు పత్రం లేదని పిల్లను వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కుల పత్రం హాస్టల్ సీటుకు అడుగుతారేమో గానీ ఒకటో తరగతి బెంచీకి అక్కర్లేదు. మొదటి వారం ఆ పిల్లతో తెలుగు కాకుండా కోయలో మాట్లాడితే చాలా వరకు అర్థమవుతుంది, యాస తేడా రెండు రోజుల్లో అలవాటవుతుంది. మిర్చి కోతల నెలల్లో రాకపోయినా రిజిస్టరులో పేరు కొట్టేయకుండా ఉంచితే, కోతలయ్యాక ఆ పిల్ల తిరిగి అదే తరగతికి వస్తుంది.