వెజలే: అవశేషాల యథార్థత, క్షేత్ర పవిత్రత

ఒక క్షేత్రానికి పవిత్రత అక్కడ నెలకొన్న వస్తువు యథార్థత వల్ల కలుగుతుందా, లేక దానిని నమ్మి వచ్చే జనుల శ్రద్ధ వల్ల కలుగుతుందా అన్నది మతతత్త్వ విచారంలో చాలా పాత ప్రశ్న. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో, క్యూర్ నది లోయకు ఎగువన కొండ మీద వెలసిన వెజలే అనే ఊరు ఆ ప్రశ్నకు రెండు పక్షాల తరఫునా సాక్ష్యం చెప్పగలదు. నేడు 500 మంది జనాభా కూడా లేని ఈ ఊరు 12వ శతాబ్దంలో పశ్చిమ యూరప్ అంతటా పేరు మోసిన యాత్రాస్థలం. స్పెయిన్‌లోని సంత్యాగో ద కంపోస్తెలాకు కాలినడకన సాగే ప్రధాన మార్గాలలో ఒకటి ఇక్కడి నుంచే బయలుదేరేది.

ఈ ఖ్యాతికంతటికీ మూలం మగ్దలేనే మరియవని నమ్మిన ఎముకలు. 9వ శతాబ్దంలో గిరార్ ద రూసియోన్ అనే ప్రభువు నది చెంత సన్యాసినుల కోసం నెలకొల్పిన మఠం, నార్మన్ దండ్ల దాడి తరువాత కొండ మీదికి మారి, బెనెడిక్ట్ నియమావళిని పాటించే సన్యాసుల వశమైంది. 11వ శతాబ్దానికి ముందు ఆ మఠానికి మరియతో సంబంధం ఉన్నట్లు చరిత్రకారులకు ఆధారాలు కనిపించవు. 1050 నాటి పోప్ ఆజ్ఞాపత్రంలో మాత్రం ఆమె మఠ పోషకురాలిగా గుర్తింపు పొందింది. పునీతుల దేహశేషాలనూ, వారు వాడిన వస్తువులనూ క్రైస్తవులు పవిత్రావశేషాలుగా కొలుస్తారు. భట్టిప్రోలు స్తూపంలో బుద్ధుని ధాతువులను భద్రపరచిన కరండాల గురించి ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ భావం కొత్తది కాదు. గలిలయలో యేసు వెంట నడిచిన స్త్రీ ఎముకలు బర్గండీకి ఎలా చేరాయన్న సందేహానికి సన్యాసులు ఒక కథ వినిపించారు. ఆమె సముద్రం దాటి దక్షిణాన ప్రొవాన్స్‌కు వచ్చి అక్కడే కన్నుమూసిందనీ, ముస్లిం సేనల దాడులకు భయపడిన రోజుల్లో బదిలో అనే సన్యాసి ఆమె దేహాన్ని వెజలేకు తరలించాడనీ ఆ కథ సారాంశం. తూర్పు క్రైస్తవ సంప్రదాయం మాత్రం ఆమె ఎఫెసులో సమాధి అయిందనే చెబుతూ వచ్చింది.

1267లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ సమక్షంలో అవశేషాలను ఘనంగా ప్రదర్శించిన పన్నెండేళ్లకే, 1279లో, ప్రొవాన్స్‌లోని సెయింట్ మాక్సిమిన్‌లో మరో సమాధి బయటపడి, దాడుల భయంతో ముందే దేహాలను మార్చి ఉంచారని చెప్పే పత్రం ఒకటి అందులో దొరికిందన్న వార్త వ్యాపించింది. దాని ప్రకారం వెజలేకు చేరినది వేరెవరి దేహమో అవుతుంది. 1295లో పోప్ ఎనిమిదవ బోనిఫేస్ సెయింట్ మాక్సిమిన్‌నే సమర్థించడంతో యాత్రికులు దారి మళ్లారు, వెజలే క్షీణించింది. 16వ శతాబ్దపు మతయుద్ధాలలో హ్యూగనాట్లు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు, మఠాన్ని దోచి ఉన్న అవశేషాలను నాశనం చేశారు.

అయినా ఆలయం నిలిచింది. శిథిలమై కూలడానికి సిద్ధంగా ఉన్న దానిని 1840లో ఇరవై ఆరేళ్ల వాస్తుశిల్పి వియోలె ల దుక్ చేతిలో పెట్టగా, అతడు రెండు దశాబ్దాల పాటు శ్రమించి నిలబెట్టాడు. దాని గర్భాలయ సౌందర్యం కన్నా నార్థెక్స్ అనే ముఖమండపంలోని లోపలి ద్వారం మీది శిల్పఫలకం ఎక్కువ ఆలోచింపజేస్తుంది. సుమారు 1130 నాటి ఆ ఫలకం నడుమ కూర్చున్న క్రీస్తు చేతుల నుంచి కిరణాలు అపొస్తలుల శిరస్సులను తాకుతుంటాయి. పెంతెకొస్తు నాడు పరిశుద్ధాత్మ దిగివచ్చిన సందర్భానికీ, సమస్త జనులకూ సువార్త అందించమన్న ఆదేశానికీ ఇది రూపకల్పన అని పండితులు చెబుతారు. చుట్టూ ఆ సువార్త చేరవలసిన జాతులు బారులు తీరి ఉంటాయి: కుక్క తలలవారు, దేహాన్ని కప్పేంత చెవులవారు, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కే మరుగుజ్జులు. ఆ శిల్పులు దూరదేశస్థులను వింతజీవులుగా ఊహించారు, నిజమే. కానీ ఆ వింతజీవులలో ఒక్కరినీ అనుగ్రహానికి వెలుపల నిలబెట్టలేదు. ద్వారం దాటితే, జూన్ మాసంలో సూర్యుడు అయనం మారే రోజుల్లో మధ్యాహ్నం వేళ, పై కిటికీల నుంచి పడే వెలుగు మచ్చలు నడవ నడిమధ్యన వరుసగా పరుచుకుని వేదిక వైపు సాగుతాయి.

ఇంతటి కృషికి ప్రేరణ అయిన ఎముకలు ఎవరివైతేనేం, శ్రద్ధే క్షేత్రాన్ని పావనం చేసిందని ముగించడం సులభం. ఆధునిక పాఠకులకు ఆ జవాబు ఉదారంగానూ తోస్తుంది. కానీ వెజలే చరిత్రలోనే దానికి అడ్డు తగిలే రోజు ఉంది. 1146 మార్చి 31న, ఈస్టర్ పండుగ నాడు, క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ ఏడవ లూయీ రాజు సమక్షంలో రెండవ శిలువ యుద్ధానికి పిలుపునిచ్చాడు. జనం ఆలయంలో పట్టనందున కొండ వాలున వేదిక కట్టారు. పంచడానికి తెచ్చిన గుడ్డ శిలువలు అయిపోతే బెర్నార్డ్ తన వస్త్రాలనే చింపి ఇచ్చాడని సమకాలిక రచయిత ఒకరు నమోదు చేశాడు. శ్రద్ధ తీవ్రతే పవిత్రతకు ప్రమాణమైతే, ఆ కొండకు అంతకన్నా పవిత్రమైన దినం లేదనవలసి వస్తుంది. రైన్‌లాండ్‌లో యూదులను చంపమని ప్రేరేపిస్తున్న సన్యాసిని వారించడానికి బెర్నార్డ్ స్వయంగా వెళ్లాడన్నది అతనికి గౌరవం తెచ్చే విషయమే. అయినా అతడు రగిలించిన ఆవేశం తూర్పున 1148లో దమాస్కస్ ముట్టడి వైఫల్యంతో ముగిసింది. శిష్యుడైన పోప్ మూడవ యూజీనియస్‌కు రాసిన గ్రంథంలో ఓటమికి బెర్నార్డ్ చెప్పిన కారణం యోధుల పాపాలు. పిలుపు సరైనదేనా అన్న విచారణకు అతడు దిగలేదు. బదిలో కథను ప్రచారం చేసిన సన్యాసులూ, యుద్ధాన్ని దైవసంకల్పమన్న ఈ మహాభక్తుడూ కోరింది ఒకటే: అనుభూతిని ప్రశ్నించకుండా అంగీకరించమని. ఎముకల యథార్థతను అడగడం అల్పబుద్ధి అనుకునే భక్తి, శత్రువు ఎవరని అడగవలసిన చోట కూడా మౌనం వహించే ప్రమాదం ఉంది. ఏ జాతినీ అనుగ్రహానికి వెలుపల నిలబెట్టని ఆ లోపలి ద్వారం మీది ఫలకం బెర్నార్డ్ పిలుపు నాటికే పూర్తయి, ఆ ప్రశ్నను రాతిలో నిలిపే ఉంది.

రామకృష్ణ పరమహంస, వివేకానందుల జీవితచరిత్రలు రాసి భారతీయులకు ఆత్మీయుడైన రోమా రోలా 1938లో ఈ ఊరిలో స్థిరపడి, జర్మన్ ఆక్రమణ కాలమంతా ఇక్కడే గడిపి, 1944 డిసెంబరు 30న కన్నుమూశాడు. మతాలన్నిటికీ మూలం సిద్ధాంతాలకు అతీతమైన, అవధులు లేని సముద్రం వంటి ఒక అనుభూతి అని 1927లో ఫ్రాయిడ్‌కు రాసిన లేఖలో ప్రతిపాదించినవాడు అతడే. ఆ అనుభూతి తనకు జీవితమంతా తోడున్నా తన విమర్శనాశక్తికి భంగం కలిగించలేదనీ, అవసరమైతే ఆ అనుభూతికి ఎదురుగానే దానిని ప్రయోగించే స్వేచ్ఛ తనకు ఉందనీ అదే లేఖలో రోలా జోడించాడు. అతని పేరు తలచేవారు సముద్రపు పోలికనే గుర్తుంచుకుంటారు; వెజలే విషయంలో ఎక్కువ పనికివచ్చేది ఆ రెండవ మాట.