రసం చెట్టు

మా దొడ్లో బావి పక్కనున్నది రసం చెట్టు. 1990 తర్వాత అది ఒక్క రసం కూడా కాయలేదు.

నాన్న అంట్లు కట్టేవాడు. మైలవరం నుంచి ఆగిరిపల్లి, నూజివీడు దాకా ఎన్నో మామిడి తోటల్లో ఆయన చేతి చెట్లున్నాయి. నాటు టెంకల్ని కుండీల్లో మొలిపించి, తల్లిచెట్టు పక్కన మంచె కట్టి, ఆ కుండీల్ని కొమ్మల ఎత్తుకి చేర్చేవాడు. మొలక బెరడూ కొమ్మ బెరడూ చెక్కి, రెండు గాయాల్నీ ఒకదానికొకటి అదిమి, అరటినారతో చుట్టి, పైన పేడా మట్టీ మెత్తేవాడు. రెండుమూడు నెలలకి అతుక్కున్నాక కొమ్మని తల్లి నుంచి వేరు చేసి, నాటుమొలక తల కోసేసేవాడు. ఇక ఆ వేరు మీద పెరిగేది రసమో, బంగినపల్లో.

టెంక నాటితే తల్లిలాంటి చెట్టు రాదు కదా. పూత మీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడి తెచ్చిందో ఎవరు చూశారు! అందుకే అంటు. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన బంగినపల్లి చెట్లన్నీ, ఒక లెక్కన, ఎప్పుడో ఒక టెంకలోంచి లేచిన ఒకే చెట్టు కొమ్మలు.

చెట్టుని ఒంటి గుర్తులతో పోల్చుకోవడం నాన్నే నేర్పాడు. కలెక్టర్ కాయకి చిలకముక్కు. చిన్న రసానికి కొనదేలిన ముక్కు. బంగినపల్లికి నున్నటి పల్చటి తోలు. కాయ లేని రోజుల్లో లేతాకు రంగు చూడమనేవాడు. అప్పటికీ తేలకపోతే ఆకు నలిపి వాసన చూడమనేవాడు.

ఈ చదువు నాకు న్యూజెర్సీలో పనికొచ్చింది. అక్కడ మా మనవడు బడి నుంచి చెట్ల పుస్తకం తెచ్చి, నన్ను అడవిబాటకి లాక్కుపోయేవాడు. ఆకులు ఎదురెదురుగా ఉంటే మేపుల్ ఏమో చూడాలి, ఆకు అంచున గుండ్రటి పాయలుంటే తెల్ల ఓక్, సూదిమొనలుంటే ఎర్ర ఓక్. పెర్సిమన్ బెరడు నల్లగా, చిన్న చిన్న పెళ్లలుగా పగిలి కనిపిస్తే నా చెయ్యి దానంతటదే దాని మీదికి పోయింది. మన తునికి అదే వంశం, బీడీ ఆకు చెట్టు. సాసఫ్రాస్ దగ్గర మాత్రం వాడు తికమకపడ్డాడు. ఒకే చెట్టుకి మూడు రకాల ఆకులు: ఒకటి మామూలుది, ఒకటి బొటనవేలు విడిగా ఉన్న చేతితొడుగులాంటిది, ఒకటి మూడు పాయలది. "ఇందులో అసలు ఆకు ఏది అమ్మమ్మా?" అన్నాడు. నలపమన్నాను. మూడింటిదీ ఒకటే వాసన.

వాడి ప్రశ్న నన్ను మా బావి దగ్గరికి తెచ్చి వదిలింది. 1990 మే తుఫానుకి మా రసం చెట్టు అతుకు దగ్గరే విరిగింది. కాయలతో సహా పై చెట్టంతా పోయింది. వానలయ్యాక అతుకు కిందనుంచి చిగుళ్లు లేచాయి, నాటువి. అలాంటివి ఏ తోటలో కనిపించినా గిల్లి పారేసే నాన్న, వాటిని వదిలేశాడు. కొన్నేళ్లకి కాపొచ్చింది. పుల్లటి కాయ, నిండా పీచు. పేరు మాత్రం మారలేదు, ఇంటిల్లిపాదికీ అది రసం చెట్టే.

జనకుడి సభలో యాజ్ఞవల్క్యుడు మనిషిని చెట్టుతో పోలుస్తాడు. ఆకులు వెంట్రుకలు, బెరడు చర్మం అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, నరికిన చెట్టు వేరు నుంచి మళ్లీ లేస్తుంది కదా, మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి లేస్తాడని అడుగుతాడు. బృహదారణ్యకంలో ఆ సభ నోరు విప్పదు. నాన్న పోయిన ఏడాది ఆ ఘట్టం ఎన్నిసార్లు చదువుకున్నానో. పేరూ రూపమూ పోయినా అడుగున ఒకటి మిగులుతుందని విన్నప్పుడల్లా, అది మనకంటే అందమైనదనీ, తియ్యనిదనీ ఊహించుకునేదాన్ని. మా చెట్టు అడుగున మిగిలింది పులుపు.

చాలాకాలం అది నన్ను బాధపెట్టింది. రసం చనిపోయిందనీ, ఎవరో పరాయిది దాని పేరుతో బతుకుతోందనీ అనుకునేదాన్ని. ఒక వేసవి ఆవకాయకి ఆ కాయలే ముక్కలు కొడుతుంటే తట్టింది: పరాయిది ఎప్పుడొచ్చింది? నేను చదువుకునే రోజుల్లో మోచేతుల దాకా కారగా జుర్రుకున్న రసాలన్నింటికీ బావి గట్టున నీళ్లు తోడింది ఈ వేరే. తల కోయించుకుని, ఇంకొకరి పేరు మోస్తూ, తనకి రాని తీపికి చాకిరీ చేసింది. ఆత్మ ఇలాంటిదేనని చెప్పేంత చదువు నాకు లేదు. కానీ నాలో మిగలబోయేది ఏదైనా ఉంటే, అది తియ్యగా ఉండాలని ఇప్పుడు కోరను. ఇన్నాళ్లూ నన్ను మోసింది అదే అయితే చాలు.

మొన్న వేసవికి మనవడు వచ్చాడు. దొడ్లో చెట్లన్నింటికీ పేర్లు రాసి అట్టముక్కలు కడుతున్నాడు. రసం చెట్టు కాయ కొరికి, కళ్లు గట్టిగా మూసుకుని, "ఇది రసం కాదు అమ్మమ్మా" అన్నాడు. వాడి వేలు పట్టుకుని చెట్టు మొదట్లో, నేలకి జానెడెత్తున, ఉబ్బిన కణుపు మీద పెట్టాను. వాడు దాన్ని చుట్టూ తడిమాడు. తర్వాత అట్టముక్క మోకాలి మీద పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.