కిటికీయొద్ద నిలిచిన పిల్లలు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1-7, యాకోబు 2:1-9



క్రిస్మసు సెలవులలో మన యౌవనస్థులు దేవాలయపు గోడకు తెల్లని దుప్పటి కట్టి ఒక సినిమా చూపించిరి. చెన్నైలో చదువుకొనుచున్న మన బిడ్డ యొకడు దానిని తెచ్చి, ఇంగ్లీషు మాటలను ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పుచు వచ్చెను. దాని పేరు ‘ది గ్రేట్ డిబేటర్స్’. 2007లో వచ్చిన ఆ చిత్రమునకు డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వము వహించి, తానే ఉపాధ్యాయుని పాత్ర ధరించెను. పాస్టరు సినిమాను గూర్చి వ్రాయనేల అని కొందరు అడుగవచ్చును. చివరివరకు చదివి తీర్పు చెప్పుడని మనవి.

అది జరిగిన సంగతిని ఆధారము చేసికొని తీసిన కథ. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మార్షల్ అను చిన్న పట్టణములో వైలీ కళాశాల యున్నది. బానిసత్వము నుండి విడుదలైన నల్లజాతివారి బిడ్డల కొరకు మెథడిస్టు సంఘమువారు 1873లో దానిని స్థాపించిరి. అక్కడ మెల్విన్ టోల్సన్ అను ఉపాధ్యాయుడు విద్యార్థులను వాదపోటీలకు సిద్ధపరచెను. ఆ దినములలో నల్లవారిని చెట్లకు వ్రేలాడదీసి చంపినను అడుగువారు లేరు. అట్టి కాలమున, 1935లో, ఆ కళాశాల జట్టు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు తెల్లవారి జట్టును ఓడించెను. సినిమాలో దానిని హార్వర్డు అని మార్చిరి. ఆ జట్టుతో నుండిన జేమ్స్ ఫార్మర్ అను బాలుడు పెద్దవాడై, 1942లో కొందరితో కలిసి జాతి సమానత్వము కొరకు ఒక సంఘమును స్థాపించెను. మన గాంధీగారి అహింసా మార్గమే వారికి మాదిరి.

ఆ చిత్రములో ఒక ఘట్టమున్నది. బాలుని తండ్రి గొప్ప వేదాంత పండితుడు, కళాశాలలో ఆచార్యుడు. ఒకనాడు కుటుంబముతో కారులో పోవుచుండగా ఒక పంది అడ్డమువచ్చి కారు క్రింద పడి చచ్చును. పంది యజమానులు చదువులేని తెల్లవారు. వారు తుపాకి చూపి బెదిరించి, దాని వెలకు మించిన సొమ్ము వసూలు చేసికొని, చచ్చిన పందిని ఆయన చేతనే మోయింతురు. కుమారుడు కారులో కూర్చుండి తన తండ్రి తలవంచుట చూచును. అప్పుడు మన దేవాలయములో దగ్గు కూడ వినబడలేదు. స్త్రీలు కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండిరి. నేనును ఏడ్చితిని. ఏలయనగా నా చిన్నతనమున ఒక టీ కొట్టు బయట మా నాన్న తన గ్లాసు తానే కడిగి చూరులో పెట్టుట నేను చూచియుంటిని. లోపల బల్లమీద కూర్చున్నవారి గ్లాసులు వేరు. నేను ఆయన వేలు పట్టుకొని నిలిచియుంటిని. ఆయన నా ముఖము చూడలేదు.

సినిమా ముగిసి దీపములు వేసినప్పుడు కిటికీ ఊచల వెలుపల ఐదారు చిన్న ముఖములు కనబడినవి. వారు గిరిజన కాలనీలోని యానాది పిల్లలు. రెండు గంటల సేపు మంచులో నిలువబడి చూచిరి. లోపల చాపలు ఖాళీగా నున్నవి. రండని ఎవరును అనలేదు. వెళ్లుడని కూడ ఎవరును అనలేదు. వారు లోపలికి రాకూడదని వారికే తెలియును, మనకును తెలియును. అందుచేత ఎవరికిని ఏమియు చెప్పవలసిన పని లేకపోయెను. దీపములు వెలుగగానే వారు పరుగెత్తిపోయిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దూరముననున్నవారి అన్యాయమును చూచి కార్చిన కన్నీరు మంచితనమునకు గురుతా? బాధ ననుభవించినవాడు సహజముగానే దయగలవాడగునా? ఈ రెండు ప్రశ్నలను మీ యెదుట నుంచుచున్నాను.

దావీదు కథ మీకు తెలియును. నాతాను ప్రవక్త రాజునొద్దకు వచ్చి, పేదవాని ఒకే ఒక గొఱ్ఱెపిల్లను ధనవంతుడు అపహరించిన సంగతి చెప్పెను. రాజు మండిపడెను. అట్టివానికి మరణమే తగునని తీర్పు తీర్చెను. ఆ కోపము కపటము కాదు, నిజమైన కోపమే. అయినను ఆ కోపము అతనిని నీతిమంతునిగా చేయలేదు. ఆ మనుష్యుడు నీవేయని ప్రవక్త చెప్పువరకు అతడు తన్నుతాను చూచుకొనలేదు. కథలోని దుష్టుని గుర్తించుటకు ఎవరికైనను కన్నులుండును. తెరమీద తుపాకి పట్టిన తెల్లవాడు మనవంటివాడు కాడు గనుక వానిని ద్వేషించుట సులభము. మనము ఆ కారులోని తండ్రి పక్షమున కూర్చుండి యేడ్చితిమి. కిటికీయొద్దనున్న పిల్లలకు మనమే ఆ రోడ్డుమీది మనుష్యులము.

మన పితరుల సంగతి జ్ఞాపకము చేసికొందము. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి పాఠశాల పెట్టినప్పుడు అగ్రవర్ణముల బాలురు చదువుకొన వచ్చిరి. అదే కాలమున తోళ్ల వ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగవాడు క్రీస్తును నమ్ముకొని తనవారిని వెంటబెట్టుకొని వచ్చెను. వీరిని చేర్చుకొనినయెడల మా పిల్లలను పంపమని పెద్దలు చెప్పిరి. చదువుకొన్న బాలురు కావలెనా, మాదిగలు కావలెనా? ఆ కలతలో దొరగారును ఆయన భార్యయు, ఒకరి సంగతి ఒకరెరుగకయే, బైబిలు తెరచిరి. ఇద్దరికిని ఒకే భాగము కనబడెను. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట అది (1 కొరింథీ 1:26-29). వారు మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణ బాలురు పాఠశాల విడిచి వెళ్లిరి.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చెను. క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూటికొరకు మతములో చేరిరను మాట రాకూడదని ఆ కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన సముద్రతీరముననున్న ఆ కాలువను చూచునప్పుడెల్లను దాని గట్లమీద మట్టితట్టలు మోసిన మనవారిని తలంచుకొనవలెను. మిషనులు వేరైనను, గుమ్మము వెలుపల నిలిచినవారిని లోపలికి పిలిచిన కథయే తెలుగు దేశములోని మన సంఘముల కథ.

ఆ గుమ్మముగుండ వచ్చిన మనము దాని లోపల గడియ వేసికొంటిమా?

చిన్నతనములో టీ కొట్టు నుండి ఇంటికి వచ్చిన దినమే ఇంకొకటి చూచితినని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. కట్టెలమోపు తెచ్చిన యానాది స్త్రీ దాహమడిగెను. మా అమ్మ ఆమెకు గ్లాసు ఇయ్యలేదు. చెంబు ఎత్తిపట్టి దోసిట పోసెను. అమ్మ ప్రార్థనాపరురాలు, ఎవరికిని కీడు తలపెట్టినది కాదు. నాన్నకు జరిగినది నాకు నలువది యేండ్లు గుర్తున్నది. ఆ స్త్రీ దోసిలి మాత్రము ఆ సినిమా రాత్రివరకు గుర్తురాలేదు. కాబట్టి రెండవ ప్రశ్నకు ఉత్తరము నా జీవితమే. బాధ మనకు ఇతరుల బాధను తెలిసికొను శక్తినిచ్చును గాని దానిని వాడుకొను మనస్సు నియ్యదు. అందుకే దేవుడు ఇశ్రాయేలీయులకు ఐగుప్తు దాస్యమును మరువవద్దని చెప్పి ఊరకుండక, పరదేశిని బాధింపవద్దనియు ఆజ్ఞాపించెను (నిర్గమ 23:9). ఆ జ్ఞాపకమును ఆజ్ఞగా మార్చవలసి వచ్చెనంటే, అది తనంతట తాను దయగా మారదని ఆయనకు తెలియును.

యానాదులు ఈ గడ్డకు క్రొత్తవారు కారు. శ్రీహరికోట అడవి వారిది. 1969లో ఆ దీవిని రాకెట్ల కేంద్రమునకు ఎన్నుకొన్న పిమ్మట అక్కడివారు ఇల్లు విడువవలసివచ్చెను. ఇప్పుడు రాకెట్టు లేచినప్పుడెల్లను మనము మిద్దెలెక్కి చప్పట్లు కొట్టుదుము. పూర్వము వారిని పుట్టుకతోనే దొంగలుగా ఎంచిన నేరస్థ జాతుల చట్టముండెను. మన నెల్లూరు సీమవాడైన వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి కొరకు తన జీవితము ధారపోసెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. అయినను రొయ్యల గుంటయొద్ద వల పోయిన ఉదయమున మొదట ఎవరి పేరు చెప్పుదుమో మన మనస్సాక్షికి తెలియును.

కొందరు నాతో మూడు మాటలు అనిరి. వారికి శుభ్రత లేదనునది మొదటిది. ఇదే మాట మన తాతలను గూర్చి ఎవరనిరో తలంచుకొనుడు. నీళ్ల కొళాయి ఉన్న ఇంటివాడు అది లేనివానికి శుభ్రత బోధించుట తేలిక.

వారి పిల్లలు చదువులో నిలువరనునది రెండవది. 2014 మే 25వ తేదీన ఇద్దరు విద్యార్థులు ఎవరెస్టు శిఖర మెక్కిరి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మలావత్ పూర్ణ యొకతె. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఖమ్మము జిల్లా దళిత బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఒకడు. ఇద్దరును ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివినవారే. ఆమె కథయు 2017లో సినిమాగా వచ్చెను. నీవు ఎక్కగలవని చెప్పి త్రాడు చేతికిచ్చినవారు వారికి దొరికిరి. మన యానాది పిల్లలకు మనము ఏమి చేతికిచ్చితిమి?

మూడవ మాట బరువైనది. ‘అయ్యగారూ, మనమే ఇంకా దెబ్బలు తినుచున్నాము. మనలను కొట్టినవారిని అడుగక మమ్ములను అడిగెదరేమి?’ ఒక సంఘపెద్ద ఈ మాట అనినప్పుడు నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోయితిని. ఆయన బాధ నిజమైనది. మనకు జరిగిన అన్యాయమును మనము అడుగవలెను, అడుగుచునే యుండవలెను. మన హక్కు మన మంచితనమునకు బహుమానము కాదు. మనము పాపులమైనను అది మన హక్కే. అయితే ఎవరో నాకు బాకీ యున్నారని చెప్పి నేను పొరుగువాని బాకీ ఎగవేయవచ్చునా? రెండు బాకీలు వేర్వేరు చీట్లు. పదివేల తలాంతుల అప్పు క్షమింపబడి, నూరు దేనారముల కొరకు తోటి దాసుని గొంతు పట్టుకొనినవాడు (మత్తయి 18) కూడ ఆ సొమ్ము నాకు రావలసినదే యనియుండును.

మరియొక సంగతి. వైలీ విద్యార్థులు జాలి అడుగలేదు. వేదికమీద నిలువబడి మాటలాడుటకు చోటడిగిరి. మనము క్రిస్మసుకు యానాది కాలనీలో బిస్కత్తులు పంచి తిరిగివచ్చుచున్నాము. అది మంచిదే గాని చాలదు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలమిచ్చి, దరిద్రుని అక్కడ నిలువుమను సంఘమును యాకోబు గద్దించెను. అతడు పంచిపెట్టిన ధర్మమును లెక్కింపక, కూర్చుండు స్థలమును లెక్కించెను.

మరుసటి వారము నేను కాలనీకి వెళ్లి పిల్లలను ఆదివారపు బడికి పంపుడని అడిగితిని. వల అల్లుకొనుచున్న ఒక ముసలివాడు తల ఎత్తకుండ ఇట్లనెను: ‘రమ్మంటే వస్తారు అయ్యగారూ. కూర్చోమనేదెవురు?’ నాకు మాట రాలేదు. ఆదివారమున నలుగురు వచ్చి వాకిలి దగ్గర కూర్చుండిరి. ఒక తల్లి తన కుమార్తెను దూరముగా జరుపుకొనెను. నేను చూచియు ప్రసంగము ఆపలేదు, అది నా పిరికితనము. రెండవ ఆదివారమున ఒక్క పిల్ల మాత్రమే వచ్చెను. ఆ పిల్లను మన బడి పిల్లల నడుమ కూర్చుండబెట్టి, కంఠతవాక్యము చెప్పించితిమి. చిన్న గొంతుతో, తప్పులు లేకుండ చెప్పెను.

నేలపట్టు కొలనుకు ఎక్కడినుండియో గూడబాతులు వచ్చి గూళ్లు కట్టుకొనును. వాటిమీద రాయి విసరిన పిల్లవానిని మన ఊళ్లవారు ఊరకుండనియ్యరు. పక్షులకు ఆ మర్యాద నేర్చుకొన్నవారమే. మన ఊరి పేరులోనే సత్రమున్నది. దారిన పోవువానికి చోటిచ్చునదే సత్రము. బేత్లెహేములో సత్రమునందు చోటు లేకపోయినదని ప్రతి క్రిస్మసుకు చదివి నిట్టూర్చుదుము. వచ్చే ఆదివారము ఆరాధనకు వచ్చునప్పుడు మీ ప్రక్కన చాపమీద ఒక్కరు కూర్చుండునంత చోటు విడిచి కూర్చుండుడి. నేను కాలనీకి మరల వెళ్లుచున్నాను. ఆ ముసలివానికి నేనేమి చెప్పవలెనో మీరే నిర్ణయించుడి.

ప్రభువు మన కన్నులను మనవైపు తిప్పును గాక. ఆమేన్.