దానమా? మూల్యమా?

దానమున మూడు అంగములు కలవు: ఇచ్చువాడు, ఇయ్యబడు వస్తువు, పుచ్చుకొనువాడు. ఈ మూడును శుద్ధములైననే దానము శుద్ధమగును. శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము సాత్త్విక, రాజస, తామస భేదములచే మూడు విధములుగా విభజింపబడినది. ప్రత్యుపకారమును కోరి చేయబడునది రాజసమని అచటి నిర్ణయము. ఎన్నికల వేళ ఓటరులకు వాగ్దానము చేయబడు ఉచిత వస్తువులను, నగదు కానుకలను ఈ కొలతతో పరిశీలించుట నేటి ప్రజాస్వామ్యమునకు అవశ్యకమైన ధర్మవిచారము.

మొదట ఇచ్చువాని సంగతి. స్వార్జితమును ఇచ్చువాడు దాత. పరుల సొమ్మును కాపాడుటకు నియుక్తుడైనవాడు ధర్మకర్త మాత్రమే. ప్రభుత్వ కోశము ప్రజలది. ఒక సబ్బుబిళ్ల కొన్న నిరుపేద కూడ పన్ను రూపమున అందు కొంత చేర్చినవాడే. ఆ ధనమును పంచి, ఆ పంపకమునకు తన పేరు తగిలించి, ప్రజల కృతజ్ఞతను తాను స్వీకరించు నాయకుని చూచిన, అత్తసొమ్ము అల్లుడు దానము చేసిన సామెత స్ఫురింపక మానదు. ఇచట దాత యెవడును లేడు. దాత లేనిచోట దానము ఎట్లు సంభవించును?

అయినచో ఆకలిగొన్నవానికి ప్రభుత్వము అన్నము పెట్టరాదా? అవశ్యము పెట్టవలెను. ప్రజల పోషకాహార స్థాయిని, జీవన ప్రమాణమును పెంపొందించుట రాజ్యము యొక్క ప్రథమ కర్తవ్యములలో నొకటియని భారత రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పుచున్నది. 1956లో మదరాసు రాష్ట్రమున కామరాజు ముఖ్యమంత్రిగా నున్నపుడు పాఠశాల బాలురకు మధ్యాహ్న భోజన పథకము ఆరంభమైనది. 1983లో ఆంధ్రప్రదేశమున రెండు రూపాయలకు కిలో బియ్యము ఎన్నికల వాగ్దానముగానే వచ్చినది. కాని అది పేదవాని కుండలో అన్నమైనది. కావున వాగ్దానమగుటయే దోషము కాదు; ఉచితమగుటయు దోషము కాదు. పేదలకు చేరునది మాత్రమే ‘ఉచితము’ అనియు, ధనికులకు లభించు పన్ను రాయితీ ‘ప్రోత్సాహము’ అనియు పేర్లు మార్చుట న్యాయము కాదు. ధర్మపు త్రాసు అందరికిని ఒక్కటే.

మరి దోషము ఎచటనున్నది? న్యాయస్థానము కూడ ఈ చిక్కును ఎదుర్కొనినది. తమిళనాట 2006 ఎన్నికలలో రంగుల టెలివిజనులు, 2011లో మిక్సీలు, గ్రైండర్లు, పంకాలు వాగ్దానములైనవి. ఆ వివాదమున 2013 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానము చట్టరీత్యా అవినీతి చర్య కాజాలదనెను. అయినను ఇట్టి పంపకములు స్వేచ్ఛాయుతమైన ఎన్నికల మూలమునే కదలించుననియు హెచ్చరించెను. కోర్టు ఆదేశము ననుసరించి, వాగ్దానమునకు వలయు ధనము ఎట్లు సమకూరునో స్థూలముగ తెలుపవలెనను నియమమును ఎన్నికల సంఘము తన ప్రవర్తనా నియమావళిలో చేర్చినది. చట్టము ఇచట ఆగినది. అంతరాత్మ ఇచటినుండియే మొదలు కావలెను.

మధ్యాహ్న భోజనము తిన్న బాలునకు ఓటు లేదు. ఓటు లేనివాని ఆకలిని చూచి పెట్టినందున ఆ అన్నమునకు అంత గౌరవము. ఇపుడు దీనికి విపర్యయమును చూడుడు. ఆదాయము చాలక, అప్పు తెచ్చి కానుకలు పంచిన యెడల ఆ ఋణమును తీర్చువాడెవడు? నేటి బాలుడు, ఇంకను పుట్టని శిశువు. వారికిని ఓటు లేదు. మొదటిది ఓటు లేనివానికి పెట్టుట; రెండవది ఓటు లేనివాని చేతినుండి లాగికొనుట. రెండింటికిని ‘సంక్షేమము’ అను పేరే చెల్లుచుండుటచేత సామాన్యుడు భేదమును గుర్తింపలేకున్నాడు.

ఇది ఊహామాత్రము కాదు. పొరుగుననున్న శ్రీలంకలో 2019 నవంబరు అధ్యక్ష ఎన్నికలలో పన్నులు తగ్గింతుమను వాగ్దానము ప్రముఖమైనది. గెలిచిన పిమ్మట విలువాధారిత పన్ను నూటికి 15 నుండి 8కి దిగినది. అనంతరము కరోనా వ్యాధి వచ్చి పర్యాటకుల రాకను నిలిపివేసెను. పూర్వపు ఋణములును పైబడెను. కారణములు పెక్కు, అయినను ఆపద వచ్చునాటికి కోశమును బలహీనపరచినది ఆ తగ్గింపు. 2022 ఏప్రిలులో ఆ దేశము విదేశీ ఋణముల చెల్లింపును నిలిపివేసినట్లు ప్రకటించెను. ఇంధనమునకై జనులు బారులు తీరిరి. ఆసుపత్రులలో మందులు కొరవడెను. పన్ను తగ్గింపువలన అధిక లాభము పొందినవారు ధనికులు. మందులు లేక అధికముగ బాధపడినవారు పేదలు.

చివరకు పుచ్చుకొనువాని సంగతి. హక్కుగా రావలసినది కానుకగా వచ్చినపుడు పౌరుడు కృతజ్ఞుడగును. కృతజ్ఞుడైనవాడు ప్రశ్నింప వెనుదీయును. గ్రామమున వైద్యుడు లేడేమి, బడిలో ఉపాధ్యాయుడు లేడేమి అని అడుగవలసిన నోరు, చేతనున్న వస్తువును చూచి మూతపడును. అన్నిటికంటె పెద్ద నష్టమిదియే. ఏ ఆయవ్యయ పట్టికయందును ఇది కనబడదు. అట్లని అవసరమున నున్నవాడు వచ్చినదానిని తిరస్కరింపవలెనని ఎవరును ఉపదేశింపరాదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి త్యాగమును బోధించుట అపచారము. అతడు దానిని నిస్సంకోచముగ తీసికొనవచ్చును, ఏలన అది అతనిదే. కాని తనదైన సొమ్మునకు బదులుగా తన విచక్షణను ఇయ్యవలసిన పని అతనికి లేదు.

కాబట్టి ప్రతి వాగ్దానమును విన్నపుడు పౌరుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ సొమ్ము ఎవరిది? దీనిని తీర్చువారెవరు? దీనివలన పుచ్చుకొనువాడు రేపు తన కాళ్లపై నిలువగలడా, లేక మరల ఐదేండ్లకు చేయి చాపవలసినదేనా? ఈ ప్రశ్నలకు నిలిచినది సంక్షేమము. నిలువనిది, ఎంత తీయని మాటలతో వచ్చినను, ఓటునకు కట్టిన మూల్యము. ఆ మూల్యమును చెల్లించుచున్నదియు ఆ పౌరుడే, అతని సంతానమే.