తక్కువ తిరిగిన కారు



మా విచారణకు చెందిన యువకుడొకడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య ఒక రాత్రి ఫోను చేసి, "ఫాదర్‌గారూ, కారు అమ్ముతున్నాను, చిన్న సందేహం" అన్నాడు. కారు బేరానికి గురువుతో ఏం పని అనుకున్నాను. విన్న తరువాత మీ ముందు పెట్టాలనిపించింది.

అది జాగ్వార్ ఎక్స్‌జెఆర్. 1999లో కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్ కర్మాగారంలో తయారైంది. నాలుగు లీటర్ల వి-8 ఇంజను, దానికి సూపర్‌చార్జరు, 370 అశ్వశక్తి. చూస్తే పెద్దమనిషి, కదిలితే పందెపు గుర్రం. ఇన్నేళ్లలో తిరిగింది 31 వేల మైళ్లే! ఆ దేశంలో మూడేళ్లు దాటిన కార్లకు సాధారణంగా ఏటా ఎం.ఓ.టి. అనే పరీక్ష జరుగుతుంది; మీటరు అంకెను కూడా అందులో నమోదు చేస్తారు. కనుక అంకెలో మోసం లేదు.

చిక్కు ఇంజనులో ఉంది. టైమింగ్ చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్లు ఆ ఇంజన్లకు తొలి సంవత్సరాలలో ప్లాస్టిక్కువి. అవి పగిలి చైను జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను నాశనమవుతుంది. తరువాత లోహపువి వచ్చాయి. బాగా తిరిగిన కార్లకు చాలామంది యజమానులు వాటిని మార్పించుకున్నారు. మనవాడి కారు తిరగలేదు కనుక దాన్నెవరూ విప్పలేదు, పాతవే ఉన్నాయి. ప్లాస్టిక్కుకు మైళ్ల లెక్క ఒక్కటే కాదు, ఏళ్ల లెక్క కూడా ఉంది. టైర్ల రబ్బరూ అంతే, గాలిలో తేమను పీల్చే బ్రేకు నూనే అంతే.

"తక్కువ తిరిగిందని రాస్తే అబద్ధం కాదు కదా ఫాదర్? అడిగితే చెబుతాను. అడగకపోతే?"

అతని పక్షాన న్యాయం లేకపోలేదు. వ్యాపారి కాని మనిషి సొంత కారు అమ్ముకునేటప్పుడు ఉన్నది వక్రీకరించకూడదంటుంది అక్కడి చట్టం. లోపాలన్నీ తానే ఏకరువు పెట్టమనదు. చూసుకోవలసింది కొనేవాడే.

ఇది పాత తగవే. క్రీ.పూ. 44లో సిసెరో ఒక కథ వేశాడు. కరవులో ఉన్న రోడ్సు ద్వీపానికి వర్తకుడొకడు ధాన్యం తెచ్చాడు. వెనుక మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా? చెప్పాలన్నాడు సిసెరో. పునీత తోమాసు అక్వినాసుగారు మాత్రం, చెప్పకపోతే అన్యాయం కాదు, చెబితే గొప్ప సుగుణం అన్నారు. ఎందుకంటే అది రేపటి ధర సంగతి. అమ్మే వస్తువులోనే దాగిన లోపం వేరు. దానివల్ల కొన్నవాడికి నష్టమో అపాయమో ఉంటే చెప్పి తీరాలన్నారు. ఒంటికన్ను గుర్రమైతే ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, ధర తగ్గిస్తే చాలు. టెన్షనరు కనిపించేది కాదు.

నేను మరొక మాట కలుపుతాను. ఆ 31 వేలు నిజమే. కాని ఆ అంకె చూసి కొనేవాడు "కొత్తదానితో సమానం" అనుకుంటాడు. అలా అనుకోవాలనే మనం దాన్ని పెద్ద అక్షరాలతో రాస్తాం. నిజం చేత అబద్ధం చెప్పించడమంటే అదే.

ఈ మాట అనడానికి నాకేమంత అర్హత లేదు. చాలా ఏళ్ల క్రితం నా పాత స్కూటరు అమ్ముతూ, "పూజలకు పల్లెలకు వెళ్లిరావడం తప్ప తిరగలేదు" అన్నాను. వాన పడితే స్టార్టు కాదని అనలేదు. కొన్నాయన, గురువు బండి కదా అని, బేరం కూడా ఆడలేదు.

అదంతా అబ్బాయికి చెప్పాను. "ధర ఎంత తగ్గుతుందో తెలుసా ఫాదర్?" అన్నాడు. తెలియదన్నాను. ఇంటికోసం దాచుకుంటున్న డబ్బులో అంత తరుగు పడుతుంది. అది నేను భరించేది కాదు, తాను భరించేది.

పది రోజులకు మళ్లీ ఫోను చేశాడు. ప్రకటనలో టెన్షనర్ల సంగతి రాశాడట. ఇద్దరు వస్తామని రాలేదు. మూడో ఆయన ముసలి మెకానిక్కు, బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాడట. బేరం ఇంకా తెగలేదు.