తులము బంగారము – యోబు మాట



పెండ్లి తేదీ కొరకు హాలియా దేవాలయానికి వచ్చే తల్లిదండ్రులు పూజవేళ కంటె ముందు తులాల లెక్క చెబుతారు. ఆ తులము ఎక్కడిది?

యోబు గ్రంథము 28వ అధ్యాయము తీయండి. మనుష్య సంచారములేని చీకటిలో త్రాళ్లకు వ్రేలాడుచు తవ్వే పనివారు కనిపిస్తారు. అంత లోతు దిగినా వివేకము దొరకలేదంటాడు యోబు. కోలారులో మన తెలుగువారు, తమిళులు 3 కిలోమీటర్ల లోతుకు దిగారు. 2001లో గని మూతపడింది. బంగారము ఎటో వెళ్లింది. వారికి మిగిలినవి సయనైడు మట్టిదిబ్బలు, ఊపిరితిత్తులలో రాతిదుమ్ము.

కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాలలోను బంగారము కొరకు బోర్లు వేసి వెదికారు. అక్కడి రైతు నీళ్ల సంగతి ఎవరడగాలి? తులాలు కొనే మనము కాదా?

వరునివారు తులాలు పెంచితే నా యొద్దకు తీసుకొనిరండి. ఈ అధ్యాయము కలిసి చదువుదాము.